ఎర్ర గుర్తు కింద రాసున్నది

జూన్ 27, శుక్రవారం

తెలుగులో రాస్తున్నాను. చెల్లి నా పుస్తకాలన్నీ తిరగేస్తుంది, దానికి తెలుగు చదవడం రాదు. డాడీకి వచ్చు గానీ నా కెమిస్ట్రీ రికార్డు జోలికి రాడు. అందుకే ఇందులో, వెనక పేజీల నుంచి.

సైట్ ఓపెన్ అయింది! నెట్ కంపెనీ వాళ్ళు ఈ నెల మొదట్లో కొరియన్ సీరియల్స్ సైట్ బ్లాక్ చేశారు. నేను చూస్తున్నది సగంలో ఆగిపోయింది. సీరియల్స్ చూసేవాళ్ళ గ్రూపులో ఎవరో రెండు నంబర్లు పెట్టారు. రౌటర్‌లో డీఎన్ఎస్ అనే చోట పాత నంబర్లు తీసేసి ఇవి పెడితే అన్నీ ఓపెన్ అవుతాయని. కింద అందరూ హార్ట్‌లు పెట్టారు. ఎవరు పెట్టారో చూడలేదు. పేరు బదులు ఒక పిల్లి బొమ్మ ఉంది.

రౌటర్ మా ముందు గదిలో అల్మారా మీద ఉంటుంది. కేబుల్ యాకయ్య బిగించి పోయినప్పటి నుంచి దాని సెట్టింగ్స్ ఎవరూ ముట్టుకోలేదు. లోపలికి పోయే పాస్‌వర్డ్ కూడా డబ్బాలో వచ్చిందే. రెండు నిమిషాల పని. నా ఫోన్‌లో కాలేజీ వైఫైకి కూడా అవే నంబర్లు పెట్టుకున్నాను, అక్కడ కూడా చూడొచ్చని.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద పనేం కాదు.

జూన్ 30, సోమవారం

కావ్యక్క పైకి వచ్చింది. కింద పోర్షన్‌లో కావ్యక్క, మల్లవ్వ పెద్దమ్మ ఉంటారు. కావ్యక్క వాళ్ళ నాన్న, పెద్దులు పెద్దబాపు, భివండిలో పవర్‌లూమ్ నడుపుతాడు, దసరాకి వస్తాడు. నెట్ కనెక్షన్ రెండిళ్ళకీ ఒకటే. వైఫై పాస్‌వర్డ్ మాత్రం నాకొక్కదానికే తెలుసు. "నోటితోని చెప్పకు బిడ్డా, నువ్వే పొయ్యి కొట్టు" అంటాడు డాడీ. ఎవరి ఫోన్ మారినా నేనే పోయి కొడతాను. ఎవరి ఫోన్‌లో ఇంగ్లీషు మెసేజ్ వచ్చినా నా చేతికే ఇస్తారు. బ్యాంకు మెసేజ్ అయినా, దవాఖాన చీటీ అయినా. "దీప్తికి సూపియ్యి." మా ఇంట్లో ఇదే మాట.

కావ్యక్కకి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా అయిపోయింది. తెలుగు మీడియం నుంచి వెళ్ళి మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఇప్పుడు బీటెక్ రెండో సంవత్సరంలో చేరడానికి కౌన్సెలింగ్. ఏ కాలేజీ కావాలో సైట్‌లో ఆప్షన్లు పెట్టాలి. ఆదివారం దాకా టైమ్ ఉంది.

"హన్మకొండ యూనివర్సిటీ కాలేజీ ఒక్కటే కావాల్నే నాకు," అంది. "అమ్మకు దమ్ము లేసినప్పుడు పక్కకు మనిషుండాలె. దూరం పోతే ఎట్ల?"

పెద్దమ్మ ఇరవై ఏళ్ళు నూలు దుమ్ములో పని చేసింది. ఆ ఆయాసం, ఆ దగ్గు మాకు పైకి కూడా వినిపిస్తాయి.

"వస్తది అక్కా, నీ ర్యాంకుకి," అన్నాను.

"నువ్వుంటవు గదా జర పక్కకు. ఆ ఇంగ్లీషు సూస్తే నాకు చెమటలు పడ్తయి. మోటరు ఇప్పుమంటే ఇప్పుత, ఇదైతే నాతోని కాదు తల్లీ."

జూలై 2, బుధవారం

కావ్యక్క ఆప్షన్లు పెట్టేసింది. మా ల్యాప్‌టాప్‌లో. మధ్యలో ఏదో ఎర్ర గుర్తు వచ్చింది, ముందుకు వెళ్ళమన్నాను, అయిపోయింది. సక్సెస్‌ఫుల్ అని వచ్చింది. ఫోన్‌కి మెసేజ్ రాలేదు. సర్వర్ బిజీగా ఉంటుంది, తర్వాత వస్తుందని చెప్పాను.

పన్నెండో ఎపిసోడ్ ఏడిపించింది.

జూలై 3, గురువారం

పొద్దుటి నుంచి కావ్యక్కకి ఒకటే ఫోన్లు. ఎవరో తెలియని నంబర్లు. "మేడమ్, మీకు బీటెక్ సీట్ కన్ఫర్మ్ చేపిస్తం, మేనేజ్‌మెంట్ కోటా, వెంటనే రావాలె" అని. మెట్ల మీద కూర్చుని కావ్యక్క ఒకడితో ఆడుకుంటోంది.

"సీటా అన్నా? కిటికీ పక్క సీటా, నడుమ సీటా?"

వాడు పెట్టేశాడు. లోపలి నుంచి పెద్దమ్మ, "ఎవలే గిన్ని ఫోన్లు? సంబంధాలోళ్ళా?" అని అరిచింది.

"కాదమ్మా, కాలేజీలోళ్ళు. నాకు గిరాకి పెరిగింది!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తర్వాత కావ్యక్క అడిగింది, "వీళ్ళకు నా నంబరు ఎట్ల దొరికిందే?"

కౌన్సెలింగ్ టైమ్‌లో అందరికీ వస్తాయక్కా, అన్నాను. నిజంగానే వస్తాయట. మా క్లాస్‌మేట్ వాళ్ళ అన్నకి కూడా వచ్చాయి.

వచ్చాయనే అనుకుంటున్నాను. అడగలేదు.

జూలై 5, శనివారం



కాలేజీ నుంచి వస్తుంటే బస్సులో ఊరికే కౌన్సెలింగ్ సైట్ తెరిచాను. మొబైల్ డేటాలో. పైన ఒక లైన్ పరిగెడుతోంది. ఆప్షన్లు పెట్టాలంటే ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది కొడితేనే సేవ్ అవుతుంది అని. ఆరోజు మాకు ఓటీపీ అడగలేదు. అడగలేదని నాకు గట్టిగా గుర్తు.

ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్‌లో వైఫైతో తెరిచాను. ఎర్ర గుర్తు వచ్చింది. దాటి ముందుకు వెళ్ళాను. మొబైల్ డేటాలో ఉన్న ఫోన్‌ని పక్కన పెట్టి రెండూ చూశాను. పైన సైట్ పేరు ఒకటే, ఒక్క అక్షరం తేడా లేదు. కింద పేజీ వేరు. రంగు కొంచెం లేత, పరిగెత్తే లైన్ లేదు, ఓటీపీ లేదు. ఆధార్, ఫోన్ నంబర్, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్ మాత్రం అడుగుతోంది.

తర్వాత రెండు గంటలు చదివాను. ఇప్పుడు నాకు అర్థమైంది ఇది.

మా కొత్తవాడలో ఇంటి నంబర్లతో ఎవరికీ పని లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు మూల మీద పాన్‌డబ్బా దగ్గర ఆగి "సారంగపాణి ఇల్లెక్కడ" అని అడుగుతారు, డబ్బాలో కూర్చున్నాయన చెయ్యి చాపి చూపిస్తాడు. నెట్ కూడా అంతే. మనం సైట్ పేరు కొడతాం. ఆ పేరు గల ఇల్లెక్కడుందో ఫోన్‌కి తెలియదు, మూల మీద ఉన్నవాడిని అడుగుతుంది. ఆ మూల మీద మనిషే డీఎన్ఎస్. నేను మొన్న ఆయన్ని లేపేసి ముఖం కూడా చూడని ఒకడిని కూర్చోబెట్టాను. వాడు అన్ని ఇళ్ళూ సరిగ్గానే చూపించాడు. నా సీరియల్స్ ఇల్లు కూడా చూపించాడు. ఒక్క ఇల్లు మాత్రం తప్పు చూపించాడు. కావ్యక్క ఆ ఇంట్లోకి పోయి, తన వివరాలన్నీ చెప్పి, నమస్కారం పెట్టి వచ్చింది.

ఆ ఫోన్లు అక్కడి నుంచే.

రౌటర్‌లో నంబర్లు తీసేశాను. పాత సెట్టింగ్స్ పెట్టేశాను. ఇప్పుడు ఎర్ర గుర్తు రావడం లేదు. ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది. ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది.

రేపు సాయంత్రం దాకా టైమ్ ఉంది. కిందికి వెళ్ళి "అక్కా, ఇంకోసారి పెడదాం" అంటే చాలు.

ఎందుకు అని అడుగుతుంది.

కిందికి వెళ్ళాను. కావ్యక్క లేదు. మడికొండలో డాడీ పని చేసే మగ్గాల షెడ్డులో మోటర్ స్టార్టర్ కాలిపోతే డాడీయే బండి మీద తీసుకెళ్ళాడట. పెద్దమ్మ పెనం మీది సర్వపిండి తీసి నా చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. కావ్యకు ఆప్షన్లు మంచిగ పెట్టిచ్చినవంట. నీ పేరే జెప్తాంది."

తిన్నాను. ఎలా తిన్నానో తెలియదు. పైకి వచ్చాను.

ఫోన్ చేయొచ్చు. రేపు చెప్తాను. రేపు ఆదివారం, ఇంట్లోనే ఉంటుంది.

జూలై 6, ఆదివారం

ఇంట్లోనే ఉంది.

మెట్ల మీద కూర్చుని చేతులకున్న నల్లటి గ్రీజు కిరోసిన్‌తో తుడుచుకుంటోంది. పక్కన కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. షెడ్డులో జరిగింది చెప్పింది. సేటు "ఆడపిల్లవు, షాక్ కొడతది" అన్నాడట. "షాక్‌కు ఆడ మొగ ఎర్కుంటదా సేటూ" అందట. డాడీ నవ్వి నవ్వి దగ్గాడట.

"అక్కా, మెసేజ్ వచ్చిందా?" అన్నాను.

"రాలే. వస్తదంటివి గదా."

"వస్తది," అన్నాను.

జూలై 7, సోమవారం

నిన్న సాయంత్రంతో మూసేశారు. ఇక చెప్పినా ఉపయోగం లేదు. కాబట్టి చెప్పడం అనవసరంగా బాధపెట్టడమే. ఒకవేళ ఆ పేజీ మా ఆప్షన్లని అసలు సైట్‌కి పంపించి ఉండొచ్చు కూడా. అలా చేస్తారని ఎక్కడో చదివాను.

చదవలేదు. అలా ఎక్కడా రాసి లేదు.

జూలై 10, గురువారం

శాకంబరి ఉత్సవాల ఆఖరి రోజు. మమ్మీ అందరినీ భద్రకాళి గుడికి తీసుకెళ్ళింది. అమ్మవారి ఒంటి నిండా వంకాయలు, బెండకాయలు, మిరపకాయల దండలు. క్యూలో నా ముందు కావ్యక్క.

"నా సీటు గురించి నువ్వు మొక్కు. ఇంగ్లీషుల మొక్కు, జల్ది పని అయితది," అని గిల్లింది.

కళ్ళు మూసుకున్నాను. ఏం అడగాలో తెలియలేదు. సీటు రావాలని అడిగితే, రాదని తెలిసీ అడిగినట్టు. కళ్ళు తెరిచేసరికి క్యూ ముందుకు వెళ్ళిపోయింది, వెనక ఎవరో "నడువు బిడ్డా" అన్నారు.

జూలై 14, సోమవారం

రిజల్ట్ వచ్చింది.

కావ్యక్క ఫోన్ పట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చింది. డాడీ, మమ్మీ, పెద్దమ్మ అందరూ ముందు గదిలో. ఫోన్ నా చేతిలో పెట్టింది. "సదువు సదువు, నాకు గుండె కొట్టుకుంటాంది."

చదివాను. నోరు తెరిచి తెలుగులో చెప్పాను. "నువ్వు ఆప్షన్లు ఏమీ పెట్టలేదు, అందుకే సీటు కేటాయించలేదు అని ఉంది."

"పెట్టిన గదే! నువ్వు గూడ సూసినవు."

అవునన్నట్టు తలూపాను.

కావ్యక్క అల్మారాకి ఆనుకుని కింద కూర్చుంది. సరిగ్గా రౌటర్ కింద. కాసేపటికి తనే అంది. "ఆఖరుకు ఏదో నొక్కలే నేను. దీప్తి మంచిగనే జెప్పింది. నాకే సమజ్ కాలె. ఎడ్డిదాన్ని."

డాడీ పెద్దమ్మతో అన్నాడు, "గదే ఫరక్ వదినా. మనోళ్ళు ఎంత తెలివి ఉన్నా గా ఇంగ్లీషు కాడ ఆగిపోతరు. అందుకే నేను అప్పుజేసి దీన్ని ఇంగ్లీషు మీడియంల ఏసిన." నా తల మీద చెయ్యి పెట్టాడు. గర్వంగా. ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉన్నట్టుంది.

పెద్దులు పెద్దబాపు ఫోన్ చేశాడు. వెనక మగ్గాల చప్పుడు, అరిచి మాట్లాడుతున్నాడు. "ఏడువకు బిడ్డా. ఫికర్ జెయ్యకు. ఈ యాడాది మోటర్ల పని జేసుకో, మల్ల యాడాది సూద్దాం." కావ్యక్క "సరే బాపూ, సరే బాపూ" అంటూనే ఉంది. ఫోన్ పెట్టేశాక ఏడ్చింది.

జూలై 15, మంగళవారం

డాడీ యాకయ్యని పిలిపించాడు. "నీ నెట్టు ఆ టైముకు బంద్ అయింది కావచ్చు, ఆ పిల్ల సీటు పోయింది" అని గట్టిగా అన్నాడు. యాకయ్య రౌటర్ కిందికి దించి చూశాడు. ఏం కనిపించలేదు. కనిపించకుండా నేనే కదా చేసింది.

"లైన్ మంచిగనే ఉందన్నా. అయినా ఎవలకు తెల్సు, వానకు ఒక్క సెకను పోయిందో ఏమో." తల గోక్కున్నాడు. పోతూ పోతూ కింద ఆగి పెద్దమ్మతో, "నా నెట్టుతోని ఆ పిల్లకు గిట్లయితదనుకోలేదక్కా, ఏమనుకోకు" అన్నాడు.

నేను పైన మెట్ల దగ్గర నిలబడి విన్నాను. కిందికి దిగలేదు.

జూలై 16, బుధవారం

జూలై రెండున జరిగింది మళ్ళీ రాస్తున్నాను. ఆరోజు రాసింది చదువుకున్నాను. "ఏదో ఎర్ర గుర్తు వచ్చింది" అని రాశాను. ఏదో కాదు.

కావ్యక్క సైట్ పేరు కొట్టింది. తెల్ల స్క్రీన్ మీద ఎర్ర త్రికోణం వచ్చింది. కింద ఇంగ్లీషులో రాసుంది.

"ఇదేందే?" అంది.

"ఏం లేదక్కా. గవర్నమెంట్ సైట్లకు ఇట్లనే వస్తది. కింద అడ్వాన్స్‌డ్ అని ఉంది గదా, అది కొట్టి, తర్వాత ముందుకు పో."

ఇంతవరకు నిజంగా అబద్ధం కాదు. గవర్నమెంట్ సైట్లకి అలా రావడం నేను చూశాను. మా కాలేజీ స్కాలర్‌షిప్ సైట్‌కి వస్తుంది. క్లర్క్ కూడా అలాగే నొక్కుతాడు. అందరూ నొక్కుతారు.

కానీ కావ్యక్క నొక్కలేదు. వేలు పైకెత్తి ఆగింది. "గింత రాసుంది కదా. ఏమంటాంది?"

నేను చదివాను. మొత్తం చదివాను. నాకు చదవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. చదివాక రౌటర్‌లో పెట్టిన నంబర్లు గుర్తొచ్చాయి. గుర్తు రాలేదని చెప్పుకోవడానికి లేదు, వచ్చాయి. అవి పెట్టిన రోజు నుంచి నా ల్యాప్‌టాప్‌లో అప్పుడప్పుడు ఏదో తేడాగా ఉంటోంది. ఇప్పుడు దీన్ని పెద్దది చేస్తే డాడీ యాకయ్యని పిలుస్తాడు, యాకయ్య రౌటర్ తెరుస్తాడు, సీరియల్స్ సంగతంతా బయటపడుతుంది.

"సైట్ బిజీ ఉందంట. కొంచెం స్లో అయితదంట," అన్నాను.

ఇది నేను అన్న మాట. అక్కడ అలా రాసి లేదు.

కావ్యక్క నమ్మి నొక్కింది.

కావ్యక్క రేపు కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్తోంది. నన్ను రమ్మంది. "ఆడ మేడమ్ ఇంగ్లీషుల మాట్లాడితే నాకు నోరు రాదే. నువ్వు జర పక్కకుండు."

పోను అని చెప్పడానికి ఒక్క సాకు కూడా దొరకలేదు.

జూలై 17, గురువారం

పాలిటెక్నిక్‌లో సెంటర్. పద్మలత మేడమ్ అని ఒకావిడ, కళ్ళద్దాలు ముక్కు చివరకి పెట్టుకుని కంప్యూటర్ చూస్తోంది. అస్సలు ఇంగ్లీషు మాట్లాడలేదు. కావ్యక్క ఒక్కతే వచ్చినా సరిపోయేది.

"ఏమ్మా, నువ్వు అసలు లాగిన్ కాలేదు కదా. సర్టిఫికెట్లు చూపించిన రోజు తర్వాత నీ పేరు మీద ఎవరూ లోపలికి రాలేదు."

"అయిన మేడమ్. సక్సెస్ అని వచ్చింది. దేవుని మీద ఒట్టు."

"ఎక్కడి నుంచి చేశావ్? నెట్ సెంటరా?"

"ఇంట్లనే మేడమ్. వైఫైల."

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. "ఫోన్లు ఏమైనా వస్తున్నాయా, సీటిప్పిస్తామని?"

"మస్తు."

"సైట్ తెరిచినప్పుడు ఎర్ర గుర్తు ఏమైనా వచ్చిందా? కనెక్షన్ గురించి ఏదైనా?"

కావ్యక్క నా వైపు చూడలేదు. అదే నాకు గుర్తుండిపోయింది. ఒక్కసారి కూడా చూడలేదు. "వచ్చింది మేడమ్. నాకు ఇంగ్లీషు అంతగ రాదు. నేనే నొక్కిన."

ఫ్యాన్ తిరుగుతోంది. బల్ల మీద కాగితాల మీద పేపర్‌వెయిట్ బదులు ఒక పాత స్విచ్ పెట్టి ఉంది. నేను దాన్నే చూస్తూ మాట్లాడాను.

"తను అడిగింది మేడమ్. నేను తప్పు చెప్పాను."

"ఏమని రాసుంది?"

ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను, చూడకుండా వచ్చేసింది. ఎన్నిసార్లు చదివానో. మేడమ్ చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకు కాదు. ఆ పిల్లకు చెప్పు. తెలుగులో."

కావ్యక్క వైపు తిరిగాను. 

"ఈ కనెక్షన్ భద్రంగా లేదు. నీ వివరాలు, పాస్‌వర్డ్‌లు ఎవరో దొంగతనం చేయడానికి చూస్తుండవచ్చు. ఇది నిజంగా ఆ సైటే అని రుజువు దొరకలేదు. వెనక్కి వెళ్ళడం మంచిది."



"అంత రాసుందా దాని మీద?" అంది కావ్యక్క.

కోపంగా అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది.

తర్వాత నంబర్ల సంగతి చెప్పాను. శనివారం తెలిసిన సంగతి కూడా చెప్పాను. ఆదివారం మెట్ల మీద కూర్చున్న సంగతి చెప్తుంటే కావ్యక్క లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. మేడమ్ ఆ నంబర్లు కావాలంది, సైబర్ పోలీసులకి రాయాలట, ఇంకా ఎంతమంది ఇళ్ళలో అవి ఉన్నాయో అంది. రౌటర్‌లో తీసేశానని చెప్పాను. అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోన్‌లో కాలేజీ వైఫైకి పెట్టినవి తీయలేదు. ఇన్ని రోజులూ కాలేజీలో నా ఫోన్ ఆ ముఖం చూడనివాడినే దారి అడుగుతోంది. చూపించాను. రాసుకుంది.

"ఫస్ట్ ఫేజ్ మళ్ళీ తెరవలేం," అంది మేడమ్. "నిండిన సీట్లు నిండినట్టే. హన్మకొండలో ఎలక్ట్రికల్ ఒక్కటి కూడా మిగల్లేదు. సెకండ్ ఫేజ్‌లో పెట్టుకోమను. ఇక్కడే, నా కంప్యూటర్‌లో పెట్టుకోమను."

నేను మెట్ల మీద కూర్చున్న ఆ ఆదివారం సాయంత్రం దాకా అందుబాటులోనే ఉండింది ఆ సీటు.

బస్సులో కావ్యక్క ముందు సీట్లో కూర్చుంది. పక్కన ఖాళీ ఉంది. నేను వెనక నిలబడ్డాను.

జూలై 18, శుక్రవారం

కావ్యక్క ఇంట్లో చెప్పలేదు. చెప్తుందని రాత్రంతా ఎదురుచూశాను, పెద్దమ్మ అరుపు వినిపిస్తుందని. వినిపించలేదు. పొద్దున పెద్దమ్మ ఎప్పటిలాగే "దీప్తీ, పాలపాకెట్ తెచ్చిన, తీస్కపో" అంది. అది భరించలేకపోయాను.

డాడీకి చెప్పాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు. కొడతాడనుకున్నాను. గుండీలు తప్పు పెట్టుకున్నాడు, విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"యాకయ్యను గంతగనం అంటి," అన్నాడు. "నువ్వు ఆడనే ఉంటివి."

"ఉన్నాను డాడీ."

"విన్నవు."

"విన్నాను."

బండి తీసి యాకయ్య ఇంటికి వెళ్ళాడు. తిరిగొచ్చి కింద పెద్దమ్మ దగ్గర కూర్చున్నాడు, నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టాడు, నాతోనే చెప్పించాడు. డీఎన్ఎస్ అంటే పెద్దమ్మకి పాన్‌డబ్బా లెక్కనే చెప్పాను. మొత్తం విని పెద్దమ్మ ఒకటే అడిగింది.

"ఆ దినం సర్వపిండి తిన్ననాడు నీకు ఎర్కేనా బిడ్డా?"

"ఎర్కే పెద్దమ్మా."

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళింది. దగ్గు మొదలైంది, కావ్యక్క నీళ్ళు తీసుకుని నన్ను దాటుకుని వెళ్ళింది.

జూలై 20, ఆదివారం

యాకయ్య వచ్చి రౌటర్ మొత్తం కొత్తగా పెట్టాడు. లోపలి పాస్‌వర్డ్ మార్చాలి, ఏం పెడదాం అన్నాడు. డాడీ నా వైపు చూశాడు, అలవాటుగా. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"కావ్యక్కని పెట్టమనండి," అన్నాను.

కావ్యక్క వచ్చి పెట్టింది. కొడుతున్నప్పుడు నేను గోడ వైపు తిరిగాను. ఎవరూ తిరగమనలేదు. ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు నాకు తెలియదు.

ఎదురింటి కమలత్త ఫోన్‌లో ఏదో మెసేజ్ వచ్చిందని సాయంత్రం పైకి వచ్చింది. మమ్మీ "దీప్తికి..." అని ఆగిపోయింది. కమలత్త అర్థం కాక నిలబడింది. తర్వాత చెల్లి చదివిపెట్టింది.

జూలై 23, బుధవారం

ఏం జరగలేదు. కావ్యక్క నాతో మాట్లాడదు. తిట్టదు కూడా. మెట్ల మీద ఎదురైతే పక్కకు జరుగుతుంది, నీళ్ళ బిందెతో పోయేవాళ్ళకి దారి ఇచ్చినట్టు.

జూలై 30, బుధవారం

కాలేజీ నుంచి వచ్చి షూ విప్పుకుంటుంటే కావ్యక్క తలుపు తీసుకుని బయటకు వచ్చింది. చేతిలో ఫోన్. సెకండ్ ఫేజ్ మెసేజ్ వచ్చిందని ముఖం చూడగానే తెలిసింది. అలవాటుగా నా చెయ్యి ముందుకు వెళ్ళింది.

ఇవ్వలేదు.

ఫోన్ తన వైపే తిప్పుకుని నా పక్క మెట్టు మీద కూర్చుంది. చదవడం మొదలుపెట్టింది. పైకి, ఇంగ్లీషులో, ఒక్కో మాట కూడబలుక్కుంటూ. తప్పు పలికిన చోట తనే ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ పలికింది. నేను మాట అందివ్వలేదు. కాలేజీ పేరు వచ్చింది. హన్మకొండ కాదు. హైదరాబాద్ పక్కన, ఘట్‌కేసర్ దగ్గర. రోజూ పొద్దున కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కాలి, చీకటి పడ్డాక రావాలి. పెద్దమ్మకి దమ్ము లేచేది ఎక్కువగా సాయంత్రమే.

సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను. అనాలనుకున్నాను. నాకు ఆ మాట అనే హక్కు ఉందో లేదో తెలియక ఊరుకున్నాను.

ఒక మాట దగ్గర ఆగింది. ప్రొవిజనల్లీ. మూడుసార్లు ప్రయత్నించింది. తర్వాత స్క్రీన్ నాకు కనిపించేలా తిప్పి, ఫోన్ మాత్రం వదలకుండా, వేలు ఆ మాట కింద పెట్టింది.

"దీనికి అర్థం ఏంది?" అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ప్రస్తుతానికి ఇచ్చారు అని అక్కా. ఇంకా ఖాయం కాలేదు. నువ్వు పోయి అన్నీ చూపించాకే ఖాయం అవుతుంది."

తలూపింది. ఆ మాట మీద నొక్కి పట్టుకుని, ఫోన్‌లోనే తెలుగు అర్థం తెరిచి చూసుకుంది. నేను చెప్పింది, అక్కడ ఉన్నది, రెండూ కలిశాయో లేదో సరిచూసుకుంది. నా ముందే.

కలిశాయి.

"ఊఁ," అని తర్వాతి లైన్ చదవసాగింది.